ఆకుల కింది అరణ్యం: తూర్పు కనుమల నలికిరుల చరిత్ర

మానవుడు అరణ్యాన్ని అనాదిగా తన అవసరాన్ని బట్టే చూస్తూ వచ్చాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కలప, వెదురు, నార, ఓషధులు లభించే కుప్యవనాలకు ఒక అధ్యక్షుడు కనిపిస్తాడు. గజబలానికి ఆధారమైన హస్తివనాలకు వేరే పాలకుడు కనిపిస్తాడు. బ్రిటిషు పాలకుల కాలంలో అడవి అంటే ఓడలకు టేకు, రైలు పట్టాల కింద పరిచే దుంగలు. స్వాతంత్ర్యానంతరం పులి, ఏనుగు, ఖడ్గమృగం అడవికి గౌరవ ప్రతినిధులయ్యాయి. ఈ సుదీర్ఘ చరిత్రలో చెట్లకు లెక్కలున్నాయి, మృగాలకు గణనలున్నాయి. చెట్టు నిలిచిన నేలకు, ఆ నేలపై రాలిన ఆకుల దుప్పటికి, ఆ దుప్పటి కింద బ్రతికే ప్రాణులకు మాత్రం ఏ చిట్టాలోనూ చోటు దక్కలేదు.

అలా చోటు దక్కని ప్రాణులలో నలికిరి ఒకటి. నున్నగా మెరిసే పొలుసులు, పొట్టి కాళ్ళు, పాము నడకను తలపించే కదలిక దాని గుర్తులు. తెలుగువారు దీనిని నలికిరి అనీ, నలికండ్ల పాము అనీ అంటారు. కన్నడంలో ఇది హావురాణి, తమిళంలో అరణై, మలయాళంలో అరణ, హిందీలో బమ్నీ. దేశమంతటా ఇన్ని పేర్లున్న ఈ ప్రాణిని గురించి దేశమంతటా దాదాపు ఒకే అపోహ కూడా ఉన్నది: ఇది విషజంతువని, కరిస్తే ప్రాణం దక్కదని. వాస్తవానికి నలికిరులలో విషమున్నది ఒక్కటీ లేదు. బల్లి, తొండ, ఉడుములతో చుట్టరికమున్న ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 1,700కు పైగా జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటిలో కొన్ని అత్యంత అరుదైనవి తూర్పు కనుమలలోను, వాటిని ఆనుకొన్న తీరంలోను ఉన్నాయి. వాటిని లోకం కనుగొన్న తీరు, మరచిన తీరు, మళ్ళీ కనుగొన్న తీరు మన అరణ్య చరిత్రలో ఒక చిన్న అధ్యాయం.

విశాఖ తీరంలో తొలి అడుగు

ఆ అధ్యాయం పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో మొదలవుతుంది. స్కాట్లండుకు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780ల కాలంలో అక్కడ నివసించాడు. ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేస్తూ కోరమాండల్ తీరంలోని పాములను సేకరించి, వాటి చిత్రాలతో 1796లో ఒక ఉద్గ్రంథాన్ని వెలువరించాడు. ఆ గ్రంథానికి తెలుగువారి దృష్టిలో ఒక ప్రత్యేకత ఉన్నది. పాములు పట్టి తెచ్చిన స్థానికులు చెప్పిన పేర్లనే రస్సెల్ రోమన్ లిపిలో నమోదు చేశాడు. కాటుక రేకుల పొడ, బంగారు పాము వంటి అచ్చ తెలుగు మాటలు ఆ విధంగా ఐరోపా గ్రంథాలయాలకు చేరాయి. కట్లపాముల ప్రజాతికి 1803లో పెట్టిన బంగారస్ అనే శాస్త్రీయ నామానికి మూలం మన బంగారమే. శాస్త్రానికి పునాది వేసినవారిలో పేరు తెలియని పాములవాళ్ళూ ఉన్నారని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఆ కాలపు సేకరణల ఆధారంగానే ఐరోపాలో జంతువుల నామకరణం సాగింది. జర్మన్ పండితుడు యోహాన్ గాట్లోబ్ ష్నైడర్ ప్రధానంగా గ్రీకు భాషావేత్త, నిఘంటుకారుడు. ఆయన 1801లో సరీసృపాలను గురించి రాసిన గ్రంథంలో రెండు భారతీయ నలికిరులకు పేర్లు పెట్టాడు. ఒకటి మన ఇళ్ళ పెరళ్ళలో, తోటల అంచుల్లో కనిపించే సామాన్య నలికిరి. రెండవది కాళ్ళు లేని, నల్లచుక్కల ప్రాణి. చుక్కలను బట్టి దానికి మెలనోస్టిక్టా అనే గ్రీకు పదం కూర్చాడు. కాళ్ళు లేనందున దానిని పామును పోలిన ఆంగ్విస్ అనే ప్రజాతిలో చేర్చాడు. మొదటి ప్రాణి అందరికీ పరిచితమయింది. రెండవదాని పేరు పుస్తకంలోనే ఉండిపోయి, ఆ పేరు ఏ ప్రాణిదో ఎవరికీ పట్టకుండా రెండు వందల సంవత్సరాలు గడిచాయి.

గొలుగొండా, గోల్కొండా?

రెండవ ఘట్టం గొలుగొండ మన్యంలో జరిగింది. మద్రాసు సైన్యంలో ఉద్యోగిగా వచ్చిన రిచర్డ్ హెన్రీ బెడ్డోం అటవీ శాఖలో చేరి, 1860 నుంచి 1882 వరకు మద్రాసు రాజధాని అడవులకు అధిపతిగా వ్యవహరించాడు. దక్షిణ భారత వృక్షాలను గురించి, ఫెర్న్ మొక్కలను గురించి ఆయన రాసిన గ్రంథాలు ఈనాటికీ ప్రామాణికాలు. కలప లెక్కలు చూడవలసిన ఈ అధికారి రాళ్ళు దొర్లించి, కుళ్ళిన దుంగలు తిప్పి, వాటి కింది కప్పలను, బల్లులను, పాములను కూడా పరిశీలించాడు. 1870లో మద్రాసు వైద్య పత్రిక ఒకదానిలో అనేక కొత్త సరీసృపాలను వర్ణించాడు. పడమటి కనుమల తడి అడవుల్లో రాలిన ఆకుల నడుమ తిరిగే తిరువాన్కూరు నలికిరి వాటిలో ఒకటి. పిల్లివలె గోళ్ళను లోపలికి ముడుచుకోగల రిస్టెల్లా ప్రజాతికి చెందినది అది. పామును తలపించే సన్నని పొడవాటి దేహంతో, చుక్కల పొలుసులతో ఉన్న మరొక ప్రాణికి ఆయన సెప్సోఫిస్ పంక్టేటస్ అని పేరు పెట్టాడు. ఆ ప్రజాతిలో అది ఏకైక జాతి.

బెడ్డోం తన నమూనా దొరికిన చోటును విశాఖపట్నానికి సమీపంలోని గోల్కొండ కొండలుగా పేర్కొన్నాడు. హైదరాబాదు కోటను ఎరిగిన పాఠకునికి ఈ పేరు కొంత తికమక కలిగిస్తుంది. ఆయన ఉద్దేశించినది నర్సీపట్నం వైపు ఉన్న గొలుగొండ ప్రాంతం. ఒక్క అక్షరం మారితే ఒక ప్రాణి చిరునామా వందల మైళ్ళు జరిగిపోతుంది. స్థలనామాలను స్థానిక భాషలో సరిగా రాయడం జంతుశాస్త్రానికి కూడా ఎంత అవసరమో ఈ ఉదంతం చెబుతుంది.

గొలుగొండ, గూడెం, రంప కొండల చరిత్ర తెలుగువారికి మరొక కారణంగా సుపరిచితం. బెడ్డోం పదవీకాలంలోనే, 1879–80లో, రంప తిరుగుబాటు చెలరేగింది. ఆయన పదవి ముగిసిన 1882లోనే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు వ్యవసాయం మీద, అటవీ ఫలసాయం మీద ఆంక్షలు పెరిగాయి. ఆ వేదనల నుంచే 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటం పుట్టింది. సర్కారుకు ఆ అడవి రాబడి, గిరిజనునికి బ్రతుకుతెరువు. ఆ ఇద్దరి ఘర్షణ నడుమ, అదే నేలలో, సెప్సోఫిస్ ఎవరి దృష్టికీ రాకుండా జీవిస్తూ వచ్చింది. బెడ్డోం చూసిన తరువాత ఒక శతాబ్దానికి పైగా దానిని చూసినట్లు శాస్త్ర ప్రపంచంలో నమోదు లేదు. భారతీయ పరిశోధకులు ఉత్తర తూర్పు కనుమలలో గాలించి, దానిని తిరిగి కనుగొన్న వివరాలను 2013లో ప్రకటించారు. అది అంతరించలేదు, అది ఉన్న చోటును వెదకినవారే అంతవరకు లేరు.

చిల్కా మర్రి కింద

మూడవ ఘట్టానికి రంగస్థలం చిల్కా సరస్సు. ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన బార్కుడా దీవి, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో భాగమయింది. 1916లో కలకత్తాలో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఏర్పడగా, దాని తొలి సంచాలకుడు నెల్సన్ ఆనండేల్. చిల్కా జీవజాలాన్ని ఆయన తన సహచరులతో కలసి ఏళ్ళ తరబడి అధ్యయనం చేశాడు. బార్కుడా దీవిలో మర్రిచెట్ల వేళ్ళ వద్ద వదులు మట్టిలో ఆయనకు కాళ్ళు బొత్తిగా లేని ఒక నలికిరి దొరికింది. 1917లో దానికి ఆ దీవి పేరు మీదుగానే బార్కుడియా ఇన్సులారిస్ అని నామకరణం చేశాడు. ఆ తరువాత ఆ దీవిలో అది చాలా దశాబ్దాలు కంటబడలేదు. తిరిగి కనిపించింది ఇరవై ఒకటో శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే. ప్రపంచంలో తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో ఈనాడు దాని పేరు ఉన్నది.

ఈలోగా కథ మళ్ళీ విశాఖకు వచ్చింది. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖకు చెందిన పి. ఎన్. గణపతి, తన సహచరునితో కలసి, వాల్తేరులో బార్కుడియా ఉన్నదని ప్రకటించారు. 1955లో గణపతి, రాజ్యలక్ష్మి దాని జీవన విధానాన్ని, శరీర నిర్మాణ విశేషాలను వివరించారు. చిల్కా దీవికి మాత్రమే పరిమితమనుకొన్న ప్రాణి విశ్వవిద్యాలయపు ముంగిట కనిపించడం ఆశ్చర్యం కలిగించింది. ఐరోపా వారి సేకరణతో మొదలైన పరిశోధనను స్థానిక విద్యాసంస్థ అందుకొన్న సందర్భం కూడా అదే.

చిక్కుముడి 2003లో విడింది. అమెరికన్ సరీసృప శాస్త్రజ్ఞుడు ఆరన్ బాయర్ ష్నైడర్ పాత వర్ణనను తిరిగి పరిశీలించి, 1801 నాటి మెలనోస్టిక్టా బార్కుడియా ప్రజాతికి చెందినదేనని నిర్ణయించాడు. విశాఖ ప్రాంతపు ప్రాణిని ఇప్పుడు ఆ పేరుతోనే వ్యవహరిస్తున్నారు. 1801లో పేరు, 1917లో ప్రజాతి, 1952లో స్థలం, 2003లో సమన్వయం. అరచేతిలో ఇమిడే ఒక ప్రాణి ఎవరన్నది తేలడానికి రెండు శతాబ్దాలు పట్టింది.

నాగార్జునకొండ నలికిరులు

కృష్ణా లోయలోని ఘట్టం వీటికి భిన్నమైనది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. మునగబోయే లోయలో ఇక్ష్వాకుల విజయపురిని వెలికితీయడానికి 1954 నుంచి 1960 వరకు విస్తారంగా తవ్వకాలు సాగాయి. స్తూపాలు, విహారాలు, శిల్పాలు కొండపైకి తరలించి కాపాడారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినట్లు ఇక్ష్వాకుల శాసనాలు చెబుతున్నాయి.

చారిత్రక సంపదను రక్షించే ఆ మహోద్యమం సాగిన ప్రాంతంలోనే జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్. సి. శర్మ సరీసృపాలను పరిశీలించాడు. 1969లో ఆయన రెండు కొత్త నలికిరులను వర్ణించి, ఒకదానికి నాగార్జునుని పేరు, రెండవదానికి అశ్వమేధం పేరు పెట్టాడు. దక్షిణాపథంలో బౌద్ధ, వైదిక సంప్రదాయాలు రెండూ వర్ధిల్లిన ఆ లోయ స్మృతి, శాస్త్రనామాల రూపంలో రెండు చిన్న ప్రాణులకు సంక్రమించింది. 1971లో ఆనకట్ట ప్రాంతపు సరీసృపాల వివరణ కూడా వెలువడింది. రాతి శిల్పాలను ఎత్తుకుపోయి భద్రపరచవచ్చు. బండల సందుల్లో, ఎండుటాకుల్లో జీవించే ప్రాణిని దాని నేలతోపాటు తప్ప భద్రపరచలేము.

ఆకుల కింద జరిగే పని

ఈ ప్రాణి వల్ల అడవికి ప్రయోజనమేమిటని అడగడం సహజం. జవాబు నేల మీద ఉన్నది. ఆకురాల్చే అడవుల్లో వేసవి ముందు రాలిన ఆకు వెంటనే ఎరువు కాదు. చెదలు, రోకలిబండలు, బొద్దింకలు, పేడపురుగులు, శిలీంధ్రాలు దానిని కొంచెం కొంచెంగా తిని, నలిపి, కుళ్ళబెట్టి మట్టిలో కలుపుతాయి. ఆ పురుగులను, సాలీళ్ళను, కీచురాళ్ళను పగటివేళ వేటాడేది నలికిరి. కాళ్ళు లేని జాతులు మట్టిలోనే ఈదినట్లు సాగుతూ చెదలను, పురుగుల డింభకాలను వెదకి తింటాయి. ఒక్కొక్క నలికిరి తినేది స్వల్పమే. కాని అడవి నేలంతా వ్యాపించి ఉండే వీటి సంఖ్య వల్ల పురుగుల జనాభా మీద ఎడతెగని అదుపు ఉంటుంది.

నలికిరి తాను కూడా ఆహారమే. నాగుపాములు, కట్లపాములు, డేగలు, గుడ్లగూబలు, ముంగిసలు దానిని తింటాయి. దసరానాడు దర్శనం శుభమని తెలుగువారు వెదకే పాలపిట్ట ఆహారంలోనూ ఇటువంటి చిన్న సరీసృపాలకు చోటుంది. ఇక్కడ ఒక శరీరధర్మం గమనింపదగినది. పక్షులు, క్షీరదాలు తిన్న తిండిలో అధిక భాగం ఒంటి వేడిని నిలుపుకోవడానికే ఖర్చవుతుంది. నలికిరి ఆ వేడిని ఎండ నుంచి తీసుకుంటుంది. అందువల్ల అది తిన్నదానిలో ఎక్కువ పాలు దేహంగా మారుతుంది. అంటే కంటికి ఆనని పురుగుల సారాన్ని డేగకూ ముంగిసకూ అందే ముద్దగా మార్చే మధ్యవర్తి నలికిరి. ఈ మెట్టు తొలగితే పై మెట్లకు ఆధారం తగ్గుతుంది.

శత్రువు పట్టుకున్నప్పుడు నలికిరి తన తోకను తానే తెంపుకొని పారిపోతుంది. తోక వెన్నుపూసల్లోనే తెగడానికి అనువైన సందు ఉంటుంది. తెగిన తోక కొట్టుకుంటూ శత్రువును ఏమరుస్తుంది. తోక మళ్ళీ మొలిచినా అందులో ఎముకకు బదులు మృదులాస్థి ఉంటుంది. అయితే తోకలో దాచుకొన్న కొవ్వు పోతుంది. ప్రతి తప్పించుకోలుకూ ప్రాణి ఒక మూల్యం చెల్లిస్తుంది.

ఇంత నేర్పున్న ప్రాణికీ ఒక బలహీనత ఉన్నది. నీడ, చెమ్మ, వదులు మట్టి, రాలిన ఆకు లేనిచోట అది బ్రతకలేదు. పులి ఒక కొండ నుంచి మరొక కొండకు నడిచిపోగలదు. మర్రివేళ్ళ కింది బార్కుడియాకు ఆ శక్తి లేదు. కాబట్టి అడవి నేల ఆరోగ్యానికి ఈ ప్రాణి ఉనికి ఒక గుర్తు. పైన చెట్లు పచ్చగానే ఉండి కింద నలికిరి లేకపోతే, ఆ అడవి లోలోపల ఏదో కోల్పోయిందని గ్రహించాలి.

లెక్కలో లేని సంపద

ఈనాడు తూర్పు కనుమలలో ఆ నేలే ఎక్కువగా దెబ్బతింటున్నది. ఇప్పపూలు ఏరుకోవడానికి, తునికాకు కొత్తగా చిగిర్చడానికి వేసవిలో పెట్టే మంటలు ఎండుటాకునంతా బూడిద చేస్తాయి. పెద్ద చెట్టు ఆ మంటను తట్టుకుంటుంది, మృగం పరుగెత్తుతుంది. ఆకుల కింది ప్రాణికి దారి లేదు. సహజారణ్యం స్థానంలో ఒకే రకం చెట్లు నాటిన తోటలు చిత్రపటంలో పచ్చగానే కనిపిస్తాయి గాని, వాటి నేల వేరు. విశాఖ నగరం పెరిగిన కొద్దీ పాత తోటలు తగ్గాయి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను వేలాది వృక్షాలను కూల్చింది. చెట్టు కూలినప్పుడు దాని వేళ్ళను ఆశ్రయించిన లోకం కూడా కూలుతుంది.

దోషమంతా గిరిజనుని నిప్పురవ్వ మీద మోపడం చరిత్రకు అన్యాయం. 1882 నాటి నుంచి అడవి మీద హక్కు కోల్పోయినవాడే అడవిని పాడుచేశాడన్న నింద కూడా మోయవలసి వచ్చింది. రస్సెల్‌కు పాముల పేర్లు చెప్పినవారు ఎవరో ఆ పుస్తకం చెప్పదు. గొలుగొండలో ఆకులు తిప్పి చూపినవారి పేర్లు కూడా శాస్త్ర చరిత్రకెక్కలేదు. వారి తెలివిని నమోదు చేసే మార్గం నేడు చట్టంలోనే ఉన్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య సంఘం ఏర్పడాలి; అది ప్రజల జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయాలి. 2012 అక్టోబరులో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సుకు హైదరాబాదు వేదికయింది. ఆ సదస్సు స్ఫూర్తి గ్రామ రిజిస్టరులో కనిపించినప్పుడే దానికి సార్థకత. ఔషధ మొక్కలు, పంట రకాలతోపాటు నేలను పాకే ప్రాణికి కూడా అందులో ఒక పంక్తి ఉండాలి. ఆ పంక్తిలో దాని స్థానిక నామం, దొరికిన చోటు, దొరికిన ఋతువు సరిగా నమోదు కావాలి. గొలుగొండ గోల్కొండగా మారిన పొరపాటు మరోసారి జరగకూడదు.

కౌటిల్యుని కుప్యవనం నుంచి నేటి అభయారణ్యం వరకు అడవి విలువను కొలిచే కొలమానాలు మారుతూ వచ్చాయి. వెనుకటి కొలమానాలు చెట్టు ఎత్తును, మృగం బలాన్ని చూశాయి. సెప్సోఫిస్, బార్కుడియాల చరిత్ర చెప్పేది వేరు. చూడక పోగొట్టుకున్నామనుకొన్న ప్రాణులు తమ చోట తాము పని చేసుకుంటూనే ఉన్నాయి. వాటిని మరచిన రెండు వందల సంవత్సరాలలో వాటి కాళ్ళ కింది నేల మిగిలి ఉన్నది కాబట్టే మళ్ళీ కనుగొనడం సాధ్యమయింది. ఇకమీదట మరచిపోతే, తిరిగి వెదకడానికి ఆ ఆకుల దుప్పటి మిగిలి ఉంటుందన్న భరోసా లేదు.